పక్కన పెట్టిన మసాలా

రాప్తాడు చుట్టుపక్కల ఎక్కడ పెళ్లి కుదిరినా ముందు కబురు వెళ్లేది మా పక్కింటి రసూల్ సాబ్‌కే. ఆయన బిర్యానీ మేస్త్రీ. పొట్టేళ్ల సంగతి తర్వాత, ముందు మసాలా చూపించమనేవాడు. లవంగాన్ని గోటితో నొక్కితే నూనె చెమర్చాలి. ఏలక్కాయ చీలిస్తే లోపల గింజలు నల్లగా, జిగటగా ఉండాలి. జీలకర్ర అరచేతిలో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. సరుకు పాతదైతే పెళ్లివాళ్లు ఎంతటివాళ్లైనా సరే, "ఇది సచ్చిపోయిన సరుకప్పా, కొత్తది తెప్పీండి" అని పక్కన పెట్టేసేవాడు. ఆ గీర ఆయనకు చెల్లింది. అలాంటి ముక్కు నేనింకెవరికీ చూడలేదు.

ఇంట్లో మాత్రం ఎప్పుడూ ఒకటే సణుగుడు. భార్య ముంతాజ్ పెట్టిన కూర నాలిక్కి రాసుకుని, పక్కన ఎవరున్నారని కూడా చూడకుండా, "దీని చేతిలో రుచి ల్యాదు" అనేవాడు. నా ముందే ఎన్నిసార్లు అన్నాడో. ఆమె నవ్వి ఊరుకునేది. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది గానీ, పక్కింటి సంసారంలో నేనెవరినని నోరు మూసుకునేదాన్ని.

మొన్న వేసవిలో ముంతాజ్ నీళ్ల ట్యాంకరు దగ్గర వరుసలో నిలబడి నిలబడి అలాగే కూలిపోయింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. రసూల్ సాబ్ ఏడవలేదు. పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు. ఏం తిన్నావంటే చెప్పలేకపోయేవాడు. పెళ్లి వంటలకు పిలవడానికి వచ్చినవాళ్లకు తల అడ్డంగా ఊపేవాడు. ఆయన్ని చూస్తే నాకు జాలి కూడా కలగలేదు. నిజం చెప్పాలి కదా.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు వచ్చేవాళ్లకు వంట తానే చేస్తానన్నాడు. ముంతాజ్ చెల్లెలు మదీనాబీ ముదిగుబ్బ నుంచి ముందురోజే వచ్చింది. ఆమెకు సాయంగా నేనూ వెళ్లాను. ఏమేం తేవాలో చూసి చెప్పమని ఆమె వంటింటి డబ్బాలన్నీ దించి ఆయన ముందు పెట్టింది.

లవంగం నొక్కాడు. పుల్లలా విరిగింది. ఏలక్కాయ చీల్చాడు. గింజలు తెల్లబారి ఎండిపోయి ఉన్నాయి. ధనియాలు నలిపితే ఊక రాలింది. ఒక్కో డబ్బా మూత తీయడం, వాసన చూడటం, పక్కకు నెట్టడం. అలా చివరి డబ్బా దాకా వెళ్లాడు. ఒక్కటీ మిగల్లేదు.

"ఇంత పాత సరుకు యాడ కొనింది మీ అక్క?" అన్నాడు. గొంతులో ఏ మార్పూ లేదు.

"కొనల్యా బావా. పెండ్లిండ్లలో పనికిరాదని నువ్వు తీసేసినవన్నీ మూట గట్టుకొచ్చి, పారేస్తే పాపం, ఇంట్లోకి వాడుకోమని ఇస్తాంటివి గదా. అక్క అవే వాడుకొనె."

"కొత్తవి తెమ్మని నన్ను అడగొచ్చు గదా."

"అడిగినాదేమో. నువ్వు ఇనల్యేమో." మదీనాబీ ఆ మాట కోపంగా కూడా అనలేదు.

ఆయన పక్కకు నెట్టిన డబ్బాలన్నీ ఒక్కొక్కటే మళ్లీ దగ్గరకు లాక్కుని మూతలు పెట్టాడు. తర్వాత, "కొత్తవేమీ తేవద్దు. రేపు వీటితోనే చేస్తా" అన్నాడు. ఊరు ఊరంతా తినడానికి వస్తుందని, పేరు పోతుందని మదీనాబీ ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే పొయ్యి ముట్టించాడు. తన పనితనమంతా ఆ బిర్యానీ డేగిసాలో పెట్టాడు. సన్నసెగ మీద ఓపిగ్గా వేయించాడు, రెండింతలు దంచి వేశాడు, రుచి చూసి మళ్లీ దంచాడు. మూత తీస్తే ఆవిరి లేచింది గానీ, వీధి మలుపు దాకా కొట్టాల్సిన ఘుమఘుమ గుమ్మం కూడా దాటలేదు. వచ్చినవాళ్లు తలలు వంచుకుని తిన్నారు. చావు జరిగిన ఇంట్లో ఎవరూ వంకలు పెట్టరు. నేనూ తిన్నాను. ఉప్పుంది, కారముంది, అంతే. ముంతాజ్ వంట దీనికంటే ఎంతో బాగుండేది.

రసూల్ సాబ్ అందరితో పాటు కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నమలడం ఆపేశాడు. వడ్డిస్తున్న మదీనాబీని పిలిచి, వరుసలో అందరికీ వినబడేలా అన్నాడు:

"ఈ సరుకుతో మీ అక్క నాకు ముప్పై ఏండ్లు వండి పెట్టినాదమ్మా. నాకు ఒక్క పూట చేతగాల్యా."