మురికి బుట్టలో పడ్డ తువ్వాళ్లు

మా తోడికోడలు ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పనిచేస్తుంది. వంట రాదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి నేను వండిందే తింటూ, నాకే వంకలు పెడుతోంది. అయినా ఆమె గురించి రాయాలనిపించింది. వేరేవాళ్లు రాస్తే దేవతను చేసి కూర్చోబెడతారు. నేనైతే ఉన్నదున్నట్టు రాస్తాను.

ఆసుపత్రి వెనక రేకుల షెడ్డు ఒకటి ఉంది. వార్డుల్లోంచి వచ్చిన మురికి దుప్పట్లు ఒక వైపు, ఉతికినవి ఇంకో వైపు, మధ్యన యంత్రాలు. మురికి గుడ్డ ఒక్కటి ఉతికిన బుట్టలో పడితే ఆ బుట్టెడూ మళ్లీ ఉతకాల్సిందే. అందుకని అక్కడి ఆడవాళ్లకు మురికినీ ఉతికినదాన్నీ వేరుగా ఉంచడం ఒంటబట్టేసింది. నేను విడిచిన చీర కాసేపు కుర్చీ మీద ఉంటే చాలు, మా తోడికోడలు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుపోయి బకెట్లో పడేస్తుంది. ఇల్లు ఆమె సొంతమైనట్టు!

మురికి వైపు పని కష్టం. దుప్పట్లు విప్పి చూస్తే ఒక్కోసారి వాడి పారేసిన సూదులుంటాయి. అలాంటి సూదే ఒకటి ఆమె బొటనవేలిలో దిగింది. మందమైన చేతి తొడుగులు ఇప్పించమని కాంట్రాక్టరును అడిగింది. ఆయన్ని అందరూ నవ్వుల సారు అంటారు, ఎంత చేదు మాటైనా నవ్వుతూనే చెబుతాడు కాబట్టి.

"చూసి పని చేసుకోవాలమ్మా," అన్నాడట నవ్వుతూ.

ఈమె వెళ్లి యంత్రం ఆపేసింది. రేపటి నుంచి రావద్దన్నాడు, అదీ నవ్వుతూనే.

తక్కిన ఆడవాళ్లు పని మానలేదు గానీ సాయంత్రాలు ఒకచోట చేరడం మొదలుపెట్టారు. సంఘం అన్నారు. కూర్చోడానికి చోటు లేదు, ఫిర్యాదు ఎక్కడ పెట్టాలో తెలీదు. అప్పుడే సిస్టరమ్మ వచ్చింది. పాతికేళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఈ ఊళ్లో కొట్లవాళ్లూ టీచర్లూ పెన్షన్లవాళ్లూ తలా కొంత వేసి ఊరి నిధి అని ఒకటి నడుపుతున్నారు, దానికి ఆవిడ పెద్ద. నోరులేనివాళ్లు పెట్టుకున్న చిన్న చిన్న సంఘాలకు ఆ నిధి ఆసరా.

"ఏం కావాలో చెప్పండి," అంది సిస్టరమ్మ.

ఇన్నేళ్లలో ఆ మాట వాళ్లను అడిగిన నాథుడే లేడు. మొహాలు చూసుకున్నారు. కమ్మల పిన్ని అని ఒకావిడ, చెవులకు గుండ్రటి పెద్ద కమ్మలు పెట్టుకుంటుంది, "తొడుగులు కొనివ్వండమ్మా, దణ్ణం పెడతాం," అంది.

"కొనను," అంది సిస్టరమ్మ. "నేను కొంటే ఆయన ఎప్పటికీ కొనడు. గదికి అద్దె మేం కడతాం, లాయర్ని మేం పెడతాం. తొడుగులు మీరు ఆయన దగ్గరే తీసుకోండి."

తోడికోడలి వెంట వెళ్లిన నాకు ఒళ్లు మండింది. "సాయం చెయ్యడానికొచ్చి పాఠాలేంటి?" అన్నాను పైకే. ఆవిడ నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. ఆ మనిషి మీద గౌరవం అక్కడ మొదలైంది, అయినా ఆవిడకు చెప్పలేదు.

లాయరు ఫిర్యాదు వేశాడు. తొడుగులు ఇవ్వాలి, తీసేసిన మనిషిని మళ్లీ పనిలో పెట్టుకోవాలి. విచారణ దగ్గర పడుతుండగా సిస్టరమ్మ మళ్లీ వచ్చింది. మొహం బాగాలేదు.

"నిధికి అందరికన్నా ఎక్కువ ఇచ్చేది నవ్వుల సారే," అంది. "ఈ ఏడు ఇంకా ఎక్కువిస్తాడట. దాంతో అందరికీ తొడుగులు కొనిపెట్టమంటున్నాడు. మీరు ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి. తీసేసిన ఈమెకు మాత్రం పని ఉండదు. మా కమిటీలో కొందరికి ఇది నచ్చింది. నాకు నచ్చలేదు. కానీ సూదులు గుచ్చుకునేది మీకు. తేల్చాల్సింది మీరు."

అందరూ మా తోడికోడలి వంక చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు.

సంఘంలో ఏది తేల్చాలన్నా వాళ్లకో పద్ధతుంది. రెండు బుట్టలు పెడతారు, ఎవరి తువ్వాలు వాళ్లు వేస్తారు. సరేననేవాళ్లు ఉతికిన బుట్టలో, కాదనేవాళ్లు మురికి బుట్టలో. చదవడం రానివాళ్లకూ కుదురుతుందని పెట్టుకున్నారు. మామూలుగా సెలవునాడు, ఇంటి నుంచి తెచ్చిన తువ్వాళ్లతో చేసేవాళ్లు. ఆరోజు పని దిగి తిన్నగా వచ్చేశారు.

ఒక్కొక్కరూ లేచి వేశారు. చూస్తే అన్నీ మురికి బుట్టలోనే! ఉతికిన బుట్టలో ఈగ కూడా లేదు.

"కాదన్నారు! అందరూ కాదన్నారు!" అని నేను కూర్చున్న చోటి నుంచి లేచిపోయాను. మా తోడికోడలు బుట్టలోకి వంగి చూసింది. పైదాన్ని తీసి విప్పి, మళ్లీ పడేసింది.

"ఇది ఓటు కాదక్కా. అలవాటు," అంది. "పనిలో వాడిన మురికి తువ్వాళ్లు ఇవి. వీళ్లలో ఎవరి చెయ్యైనా దీన్ని ఉతికిన బుట్టలో వెయ్యగలదా?"

"నీకేం పోయిందే? అనుకూలంగా వచ్చిందిగా, నోరు మూసుకో!" అన్నాను చెవిలో.

"నువ్వు మూసుకో," అంది, అందరికీ వినబడేలా. పెద్దదాన్నన్న మర్యాదైనా లేదు.

చేతులెత్తి చెప్పమంది. తాను గోడకేసి తిరిగి నిలబడింది. "నా మొహం చూసి చెయ్యెత్తకండి. అక్క లెక్కపెడుతుంది."

ముందు కమ్మల పిన్ని మాట్లాడింది. "నీ పని పోవడం అన్యాయమేనమ్మా, కాదన్లేదు. కానీ రేపు పొద్దున ఆ కుప్పలో చెయ్యి పెట్టాల్సింది నేను. నాకు తొడుగు కావాలి. ఎవరిస్తే నాకేం?"

ఇంకో మూల నుంచి ఒకమ్మాయి, "అవి చిరిగితే మళ్లీ ఎవర్ని అడగాలి పిన్నీ? ఆయన్నడిగితే, నేనిచ్చింది దానం కదా అంటాడు," అంది.

పిన్ని అయినా సరేననే చెయ్యెత్తింది. ఆమెతో చాలామందే ఎత్తారు. వద్దని ఎత్తిన చేతులు కాస్త ఎక్కువ. మళ్లీ చూసుకున్నాను. కాస్తే, కానీ ఎక్కువే.

నవ్వుల సారు నిధికి ఇవ్వడం మానేశాడు. సిస్టరమ్మ లాయర్ని ఉంచి గదిని వదులుకుంది, రెండూ మొయ్యలేక. సంఘం మా ఇంటి ముందు గదిలోకి వచ్చి పడింది. నన్నెవరూ అడగలేదు.

తీర్పు రావడానికి నెలలు పట్టింది. ఆలోగా కమ్మల పిన్నికి సూది గుచ్చుకుంది. రక్తపరీక్షలు మళ్లీ మళ్లీ చేయించుకుంది. జబ్బేమీ లేదని తేలేదాకా ఆ మనిషి అన్నం సరిగ్గా తినలేదు. మా తోడికోడలు చూడ్డానికి వెళితే తలుపు తియ్యలేదు. వచ్చి నా వంటింట్లో కూర్చుని, "ఆమెదేం తప్పులేదక్కా," అంది. ఆ పూట దేనికీ వంక పెట్టకుండా తింది. అది చూసి భయమేసింది నాకు.

ఆఖరికి తీర్పొచ్చింది. తొడుగులు కాంట్రాక్టరే ఇవ్వాలి, చిరిగితే కొత్తవివ్వాలి. ఈమెను పనిలోకి తీసుకోవాలి. తీసుకున్నాడు, నవ్వుతూనే.

మొన్న మా ముందు గదిలో సంఘం కూర్చుంది. కమ్మల పిన్ని చాలా రోజులకు వచ్చింది. గుమ్మం దగ్గరే చతికిలబడి, మా తోడికోడలు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండగా, నాతో అంది: "మీ తోడికోడలికి చెప్పండి. కింద నీళ్లల్లో నిలబడి కాళ్లు పాసిపోతున్నాయి. ఈసారి బూట్లు అడగాలని."

మా తోడికోడలు కూడా నా వైపే చూసింది. "లోపలికొచ్చి కూర్చుని చెప్పమను అక్కా. గుమ్మంలో కూర్చుంటే మిగతావాళ్లకు వినపడదు."

నేనేమన్నా పోస్టుమేన్నా అని కసిరాను. పిన్ని మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచి, లోపలికి వచ్చింది.