పదిగంటల కూత

పోయిన వారం నంద్యాలలో మా ఇంట్లో మధ్యాహ్నం కరెంటు పోయి, ఇన్వర్టర్ మీద తిరుగుతున్న ఫ్యాను కాస్తా ఉన్నట్టుండి ఆగిపోయి, మూలనున్న ఆ పెట్టె కుయ్యిమని ఒకటే కూత పెట్టింది. మెకానిక్కుకు ఫోన్ చేస్తే, చూడకుండానే, పాతదైపోయింది, కొత్తది తీసుకోండి అన్నాడు. మా వారు కొత్తదానికి సిద్ధపడిపోయారు గానీ, నేను ఊరుకోలేక దగ్గరికి వెళ్లి చూస్తే, ఉతికి మడతపెట్టిన దుప్పట్లు నాలుగు దాని నెత్తిన కూర్చుని గాలి పోయే చిల్లుల్ని కప్పేసి ఉన్నాయి. పెట్టింది ఎవరో కాదు, నేనే. వాటిని తీసేసి, అరగంట చల్లారనిచ్చి స్విచ్చి వేస్తే ఫ్యాను తిరిగింది. హమ్మయ్య అనుకున్నాను, వెంటనే నవ్వూ వచ్చింది, ఎందుకంటే సరిగ్గా ఇలాంటి కూతే ఒకప్పుడు నా ఉద్యోగానికి ఎసరు పెట్టింది.

మా చిన్నాయన ఆళ్లగడ్డలో తన ఇంటి ముందు భాగంలోనే కంప్యూటర్ సెంటర్ పెట్టిన కాలమది. డిగ్రీ అయి ఖాళీగా ఉన్న నన్ను పిల్లలకు నేర్పడానికి పిలిచాడు. ఆడపిల్ల రోజూ నంద్యాల నుంచి బస్సెక్కి పోయి రావడం మా నాయనకు ఇష్టం లేకపోయినా, తమ్ముడి దగ్గరే కదా అని ఒప్పుకున్నాడు, అదీ ఏ చిన్న మాట వచ్చినా మానేసి ఇంట్లో కూర్చోవాలన్న షరతు మీద. అప్పట్లో కంప్యూటరంటే ఎంత మర్యాదో మన తరం వాళ్లకు నేను చెప్పనక్కరలేదు; చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి, సాయంత్రం వాటికి గుడ్డ ముసుగులు తొడగాలి, ఉన్న ఒక్క ఫ్యానూ పిల్లల వైపు కాకుండా వాటి వైపు తిరగాలి.

ఆ ఐదు కంప్యూటర్లకూ కరెంటు పోతే ఆసరా ఒక యూపీఎస్. హాలుకూ వంటింటికీ మధ్యనున్న చిన్న గదిలో, బ్యాటరీల పక్కన ఉండేది. షాకు కొడుతుందనీ, యాసిడ్ ఉంటుందనీ భయపెట్టి, తాను తప్ప ఆ గదిలోకి ఎవరూ పోకూడదని చిన్నాయన గట్టిగా చెప్పి పెట్టాడు. ఆ చలికాలం రోజూ పది నుంచి పన్నెండు దాకా కరెంటు కోత. రెండు గంటలూ ఓపిగ్గా లాగే ఆ యూపీఎస్, డిసెంబరు మొదలయ్యేసరికి పావుగంట తిరక్కుండానే కూత పెట్టి ఆరిపోవడం మొదలుపెట్టింది, పిల్లలు కొట్టిందంతా గాలికి పోయేది. మెకానిక్కు నంద్యాల నుంచి వచ్చేసరికి ఎప్పుడూ మధ్యాహ్నం దాటేది. అప్పుడు పరీక్ష చేస్తే అది బుద్ధిమంతురాలిలా గంటన్నర నిలబడేది. మూడోసారి వచ్చినప్పుడు అతను విసిగిపోయి, మేడమ్ అన్నీ ఒకేసారి ఆన్ చేస్తున్నట్టుంది, లోడు ఎక్కువైపోతోందని నా మీదికి తోసేసి బస్సెక్కాడు.

మా చిన్నాయన మాట మనసులో దాచుకునే మనిషి కాదు.

“నీతో కాదంటే చెప్పు పాపా. వచ్చే సోమవారం పరీక్ష. ఆ పొద్దు గనక ఇది ఆరిపోయిందంటే పిల్లోళ్ల తల్లిదండ్రులకు నేనేం చెప్పల్ల? ఇంగొకర్ని పెట్టుకుంటా.”

బయటి నుంచి అధికారి వచ్చి పెట్టే పరీక్ష అది, మధ్యలో ఆగితే రద్దే. నాకైతే పరీక్షతో పాటు బస్సు ప్రయాణం కూడా రద్దవుతుందని తెలుసు. కోపం నషాళానికెక్కింది. ఒక నోటుబుక్కు పెట్టి, ఏ రోజు ఎన్ని కంప్యూటర్లు వేశాను, ఎన్ని నిమిషాలకు ఆరిపోయింది రాయడం మొదలుపెట్టాను. రెండే వేసినా ఆరిపోయింది. మధ్యాహ్నం ఐదూ వేసి మెయిన్ తీసేస్తే ఆరలేదు. అంటే లోడు కాదు, దానికి పొద్దుటిపూటే ఏదో తెగులు. కూత వినగానే చిన్నాయన గది తలుపు తీసేవాడు, ఆయన భుజం మీదుగా నేనూ తొంగి చూసేదాన్ని. పెట్టె పైన గుండ్రటి తెల్లమచ్చ ఒకటి కనిపించేది. ఒకరోజు వేలు పెట్టి చూస్తే తడిగా ఉంది, పాలవాసన వేసింది. పిల్లి పనేమో అనుకున్నాను.

గురువారం మొదటి బస్సుకే వెళ్లాను. చిన్నాయన బజారుకు పోయి ఉన్నాడు. మెల్లగా గొళ్లెం తీసి చూద్దును కదా, యూపీఎస్ మీద మూతపెట్టిన స్టీలు గిన్నె పెట్టి, పాత ఉన్ని శాలువాతో చంటిబిడ్డకు చుట్టినట్టు పెట్టెతో సహా చుట్టూ కప్పి ఉంది. నేను నోరు తెరిచేలోపే వంటింటి వైపు తలుపు తీసుకుని మా చిన్నమ్మ వచ్చింది, నన్ను చూసి కొయ్యబారిపోయింది.

“రాత్రి తోడేసిన పాలు ఈ సలికి తెల్లారినా తోడుకోవమ్మే. మీ చిన్నాయనకేమో గడ్డపెరుగే గావల్ల. ఈడైతే యెచ్చగుంటాదని పెడ్తాండా. కూత ఇనపడ్తానే ఎత్తుకొని పోతాండా, ఆయప్ప సూస్తే తిడ్తాడని.”

ఆ కూత ఎవరో వస్తున్నారని చెప్పే హెచ్చరిక అనుకుందే తప్ప, తన గిన్నే దాన్ని కూయిస్తోందని పాపం ఆమెకు తెలియదు. శాలువా చిల్లుల్ని మూసేస్తే లోపలి వేడి పోయే దారి లేక యంత్రం తనంతట తానే ఆగిపోయేది. మెకానిక్కు వచ్చేసరికి పెరుగూ తోడుకునేది, పెట్టే చల్లారేది. మూడు వారాలుగా పడిన మాటలు గుర్తొచ్చి ఆమె మీద మండిపడదామనుకున్నాను గానీ, గిన్నె ఎత్తి గుండెకు హత్తుకుని నిలబడ్డ ఆ మనిషిని చూస్తే నా వల్ల కాలేదు. గిన్నె ఇక పొయ్యి పక్కన పెట్టేటట్టు ఒప్పుకున్నాం. చిన్నాయనతో మాత్రం, గదిలోకి పోయినందుకు తిట్లు పడినా సరేనని, చిల్లులకు దుమ్ము పట్టింది, తుడిచేశానని చెప్పాను.

సోమవారం ఆయన ఆ గది తలుపు మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశాడు. సరిగ్గా పదింటికి కరెంటు పోయింది. పావుగంట, అరగంట, గంట. కీబోర్డుల టకటకలు తప్ప ఇంకో చప్పుడు లేదు. పన్నెండింటికి కరెంటు వచ్చాక నేను పెరట్లో కొళాయి దగ్గరికి పోయి హాయిగా ఏడ్చేశాను. ఆ సాయంత్రం మా నాయన వచ్చే నెల బస్సు పాసుకు ఫోటో ఉందా అని మాత్రం అడిగాడు.

తర్వాత వారమంతా చిన్నాయన నీళ్లపెరుగే కలుపుకుని, నోరెత్తకుండా తిన్నాడు. ఆ పై సోమవారం నన్ను ఆ గదిలోకి పిలిచాడు. యూపీఎస్‌కు జానెడు పైన, గోడకు రెండు ఇనుప క్లాంపులు బిగించి కొత్త చెక్క ఒకటి కొట్టి ఉంది.

“ఆడ పెట్టమను. పెట్టె మీద వద్దు,” అని వెళ్లిపోయాడు.

ఆయనకు ఎప్పుడు తెలిసిందో నేను అడగలేదు. చిన్నమ్మను కూడా ఆయన బతికున్నన్నాళ్లూ ఆ సంగతి ఎత్తి ఒక్క మాట అనలేదట. ఆ చెక్కకు ఎంత వేడి అందేదో గానీ, పెరుగు గడ్డలా తోడుకుంటోందని ఆమె చెప్పేది, ఆయన మెచ్చుకోకుండానే మళ్లీ వేయించుకునేవాడు.

దుప్పట్ల సంగతి ఫోన్‌లో చెబితే చిన్నమ్మ దగ్గు వచ్చేదాకా నవ్వి, “మీ ఆయనతో ఒక చెక్క కొట్టించుకోమ్మే” అంది. ఆ సెంటర్ ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. కరెంటు మునుపటిలా పోవడం లేదు, పెరుగు ప్యాకెట్లలో వస్తోంది, పెట్టె మొరాయిస్తే కొత్తది సాయంత్రానికల్లా గుమ్మంలోకి వస్తుంది. ఇవన్నీ మంచికే వచ్చాయి, కాదనను. కానీ తప్పెవరిదో తెలిసి కూడా ఎవరినీ ఏమీ అనకుండా, జానెడు కొలిచి చెక్క కొట్టే మనిషి కోసం ఇప్పుడు ఎవరికి ఫోన్ చెయ్యాలో నాకు తెలియదు.