గోదావరిలో షామియానా

నాందేడ్‌లో మాది టెంట్ హౌస్. డిగ్రీ చదువుతూ గోదావరి మీది విష్ణుపురి జలాశయంలో తెరచాప పడవ నేర్చుకున్నాను. మొదటిరోజే తెరచాపను షామియానాలా బిగించి కట్టేశాను. పడవ కదిలితే ఒట్టు! అందరూ ఒకటే నవ్వు. గాలి తక్కువుంటే వదిలి ఉబ్బనివ్వాలని, పెరిగితే బిగించాలని పడవ నేర్పే సార్ ఓపిగ్గా చెప్పారు.

పోటీ రోజు గాలి పలచగా ఉంది. తెరచాపను వదులుగా ఉంచి హాయిగా పోతున్నాను. సగం దూరంలో ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. నా ముందున్న పడవ బోల్తా పడింది. నాదీ ఒరిగిపోయింది. భయంతో సార్ చెప్పిందంతా మర్చిపోయాను. అంతలో ఒడ్డు మీంచి మా బాపు కేక:

"గుంజు బిడ్డా! గుడ్డకు పొట్ట లేకుంట గుంజు!"

పడవెక్కి ఎరుగని మనిషి, అంతమందిలో ఆ అరుపు! సిగ్గుతో చచ్చిపోయాను. చేతులు మాత్రం అప్పటికే తాడు లాగేశాయి. తెరచాప పలకలా చదునైంది. పడవ నిటారుగా లేచి దూసుకుపోయింది. గెలుపు నాదే!

దిగగానే బాపు అందరికీ వినబడేలా, "మన షామియానా ఎన్నడన్న గాలికి లేచిందా?" అన్నాడు.

ధైర్యం చేతుల్లో కూడా ఉంటుందని ఆరోజే తెలిసింది. మా దుకాణంలో అద్దెకివ్వని వస్తువు పోటీలో గెలిచిన ఆ కప్పొక్కటే.