ఒక్క అడుగు వెనక పెంగ్

ఎండుమిరపకాయల కొట్టు పెంగ్ ఎప్పుడూ ఒక్క అడుగు వెనకే. ఇది తిట్టు కాదు, అతని చిరునామా. సాయంత్రం కూరగాయల మార్కెట్ ముందు రిటైరైన బట్టల మిల్లు కార్మికులంతా వరసలు కట్టి డాన్సు చేస్తారు. అందరి చేతులూ పైకి లేచినప్పుడు కింద ఉన్న రెండు చేతులు ఎవరివా అని చూస్తే అవి పెంగ్‌వే. అందరూ ఎడమకి తిరిగిపోయాక తీరిగ్గా కుడికి తిరిగి, ఎదురైన ముఖాలన్నిటికీ మర్యాదగా నవ్వేది కూడా పెంగే.

"పెంగ్, పాట ఎక్కడుంది, నువ్వెక్కడున్నావ్?" అని ముందు వరసలోంచి అరిచేది బృందం లీడరు తాన్.

పెంగ్ కాస్త ఆలోచించి "వస్తున్నా" అనేవాడు. అప్పటికి పాట మారిపోయేది.

పెంగ్‌కి సోమవారం జోకు చెబితే మంగళవారం నవ్వుతాడని మార్కెట్లో చెప్పుకుంటారు. వయసులో ఉన్నప్పుడు సంబంధం చూడ్డానికి వెళ్తే, పిల్ల నచ్చిందని అతను తలూపేసరికి ఆ పిల్లకి ఇంకో ఇంట్లో ఇద్దరు పిల్లలు పుట్టారట. అబద్ధమే కావచ్చు. అతను బ్రహ్మచారిగా మిగిలిపోవడం మాత్రం నిజం.

అందరికంటే గట్టిగా వెక్కిరించేది సూ అక్క. ఒకప్పుడు మిల్లు సాంస్కృతిక బృందంలో ఆవిడని మించిన డాన్సరు లేదు. తాన్‌కి మొదటి అడుగు నేర్పింది ఆవిడే. అరవై దాటిన తాన్‌ని ఇప్పటికీ 'చిన్న తాన్' అనే పిలుస్తుంది. రెండేళ్ళ కిందట తలలో నరం చిట్లి ఆస్పత్రిలో పడింది. తిరిగొచ్చాక కుడికాలు ఈడుస్తూ, చివరి వరసలో, సరిగ్గా పెంగ్ వెనకే నిలబడుతోంది.

"ఆ కాళ్ళు ఎవరివి పెంగ్? అద్దెకి తెచ్చావా? వెంటనే తిరిగిచ్చెయ్, పాపం వాళ్ళకి అవసరం ఉంటుంది" అనేది. వరసలన్నీ పకపకా నవ్వేవి. పెంగ్ కూడా నవ్వేవాడు, చివర్లో, ఒక్కడే.

చైనాలో చోంగ్‌చింగ్ కొండ మీద కొండలా కట్టిన ఊరు. ఒకడి గుమ్మం ఇంకొకడి పైకప్పు మీద ఉంటుంది. చేతిలోంచి ఉల్లిపాయ జారితే నది ఒడ్డున వెతుక్కోవాలి. అలాంటి చోట మార్కెట్ ముందున్న ఆ కాస్త చదును నేల వాళ్ళకి రాజ్యం. ఆ రాజ్యం గోడ మీద ఒకరోజు 'కూల్చివేత' అని ఎర్ర రంగుతో రాత వెలిసింది. పక్కనే అద్దాల మాల్ లేస్తోంది. దాని కింద అంతస్తులో అప్పుడే బార్లు తెరిచారు. చీకటి పడకముందే ఊదా రంగు దీపాలు, చువ్వల మీద మాంసం కాలుతున్న పొగ, ఫోన్లు పట్టుకుని మెట్ల మీద కూర్చున్న కుర్రకారు.

కాలనీ కమిటీ నుంచి లియావ్ అనే అమ్మాయి తాన్ దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, మాల్ ముందు సాయంత్రాలు ఒక్క బృందానికే చోటిస్తారట. కొత్త ఫ్లాట్ల వాళ్ళు కూడా అడిగారు. శనివారం రెండు బృందాలనీ చూస్తాం. నీటుగా ఎవరు చేస్తే వాళ్ళకే."

కొత్త ఫ్లాట్ల వాళ్ళు తెల్ల గ్లోవ్స్ వేసుకుంటారు. తాన్‌కి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మిల్లు పోయింది. మిల్లు క్వార్టర్సు పోయాయి. ఇప్పుడు మార్కెట్ పోతోంది. ఈ డాన్సు కూడా పోతే అన్నం తిన్నాక కుర్చీలో కూర్చుని గోడ చూడటం తప్ప ఆవిడకి ఇంకేం మిగలదు.

పొద్దున్నే పెంగ్ కొట్టుకి వెళ్ళింది. ఆ కొట్టు ముందు తుమ్మకుండా ఎవరూ మాట మొదలుపెట్టలేరు. తాన్ కూడా తుమ్మింది.

"శనివారం దాకా నువ్వు రావద్దు పెంగ్. శనివారం కూడా వద్దు. నీ ఒక్కడి వల్ల అందరికీ చోటు పోతుంది."

పెంగ్ మిరపకాయల్ని ఒక బుట్టలోంచి ఇంకో బుట్టలోకి తోడాడు. చాలాసేపటికి "సూ అక్క ముందు కాస్త నిదానంగా చేసేవాళ్ళని నిలబెట్టు" అన్నాడు.

"ఆవిడకి నువ్వు చెప్పాలా? ముందు నీ కాళ్ళ సంగతి చూసుకో" అని తాన్ వచ్చేసింది.

పెంగ్ లేని మొదటి సాయంత్రం వరసలు మగ్గం మీది దారాల్లా తిన్నగా సాగాయి. తాన్ సంతోషంగా వెనక్కి తిరిగి చూసింది. అందరి చేతులూ దిగిపోయాక, చివరి వరసలో రెండు చేతులు ఒంటరిగా పైకి లేస్తున్నాయి. అవి సూ అక్కవి.

మెట్ల మీద ఒక కుర్రాడు "ఆ వెనకావిడకి నెట్ స్లోగా ఉన్నట్టుందిరా" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు.

సూ అక్క ఆగిపోయింది. ముందున్న వీపుల్ని చూసింది. తన చేతుల్ని చూసుకుంది. తాన్ పరుగున వెళ్ళి పాట ఆపేసింది.

"చిన్న తాన్, ఇవాళ అందరూ ముందే వెళ్ళిపోతున్నారేంటే? ఎక్కడికి అంత తొందర?"

సూ అక్క వేడినీళ్ళ ఫ్లాస్కు తీసుకుని, కాలు ఈడుస్తూ మెట్లు దిగి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

తాన్ మళ్ళీ మార్కెట్‌కి వెళ్ళింది. సగం కొట్లు ఖాళీ. చేపల తొట్టెల్లో నీళ్ళు కూడా లేవు. పక్క హోటలు స్పీకర్లో తాము డాన్సు చేసే పాటే వస్తోంది. పెంగ్ అటు తిరిగి మిరపకాయలు ఏరుతున్నాడు. బల్ల కింద అతని కాలు, పాత గుడ్డబూటులో, తాళం వేస్తోంది. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. పాట మధ్యలో తాన్ కూడా రోజూ తడబడే మలుపు ఒకటుంది. అక్కడా తప్పలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది తాన్.

"ఏంటి?" అన్నాడు పెంగ్. అన్నాక కాలు ఆపాడు.

"నా దగ్గర నాటకాలొద్దు. షెడ్డు నిండా మగ్గాలు మోగుతుంటే ఏది తప్పుతోందో చెప్పినదాన్ని."

పెంగ్ ఒక మిరపకాయ తొడిమ తుంచాడు. "నేను మీతో చేరిన కొత్తలోనే ఆవిడ ఆస్పత్రి నుంచి వచ్చింది. ఆ మొదటి రోజు ఆవిడని చూసి ఎవరో నవ్వబోయారు. ఆవిడ గమనించేలోగా నేను కూడా వెనకపడ్డాను. వాళ్ళు నన్ను చూసి నవ్వారు. ఆవిడ కూడా నన్ను చూసి నవ్వింది. సరే ఇదేదో బాగానే ఉందనుకున్నా."

"రోజూ తిడుతుంది కదయ్యా నిన్ను."

"తిట్టాలంటే తను సరిగ్గా వేస్తున్నానన్న నమ్మకం ఉండాలి కదా."

తాన్ ముఖం పక్కకి తిప్పుకుంది. "నీ దిక్కుమాలిన మిరపకాయలు" అంటూ కళ్ళు తుడుచుకుంది. పెంగ్ కాగితం రుమాలు అందించాడు, ఆవిడ చొక్కా చేతితో తుడుచుకోవడం అయిపోయాక.

అక్కడి నుంచి తాన్ నేరుగా సూ అక్క ఇంటికి వెళ్ళింది.

"పెంగ్ మళ్ళీ వస్తున్నాడక్కా. వాణ్ణి నేను తిట్టలేకపోతున్నా. నువ్వుండాలి."

"వాడా? కమిటీ ముందు పరువు తీస్తాడు" అంటూ సూ అక్క మంచం కిందున్న బూట్లు కాలితో ముందుకి లాక్కుంది.

శనివారం తెల్ల గ్లోవ్స్ వాళ్ళు కత్తిరించినట్టు చేసి వెళ్ళారు. తర్వాత వీళ్ళ వంతు. తాన్ వరస వరసకీ వెళ్ళి చెవిలో ఏదో చెప్పింది, పెంగ్‌కీ సూ అక్కకీ తప్ప. పాట మొదలైంది. జీవితమంతా మిల్లు సైరన్‌కి పరిగెత్తిన తాన్ కాళ్ళు ముందుకి దూకబోయాయి. పళ్ళు బిగించి ఆపింది. ఒక దెబ్బ పోనిచ్చింది. అప్పుడు బృందం మొత్తం కదిలింది, ఒక్క అడుగు వెనకగా.

పెంగ్ ఎప్పటిలాగే ఆలస్యంగా చెయ్యెత్తి, అటూ ఇటూ చూశాడు. అన్ని చేతులూ తనతోపాటే లేచి ఉన్నాయి. తిరిగితే అన్ని వీపులూ తనతోపాటే తిరిగాయి. వెనక సూ అక్క కూడా.

లియావ్ రెండుసార్లు స్పీకర్ దగ్గరికి వెళ్ళి తీగలు చూసొచ్చింది. "ఆంటీ, స్పీకర్ పాడైందా?"

"స్పీకర్ బాగానే ఉందమ్మా. పాటే తొందరపడుతోంది" అంది తాన్.

చోటు గ్లోవ్స్ వాళ్ళకే వెళ్ళింది. వెళ్ళక ఏమవుతుంది. మార్కెట్‌ని వానాకాలంలో కూల్చేశారు. పెంగ్ కొట్టు పోయింది. ఇప్పుడు వాళ్ళు మెట్రో వంతెన కింద, స్తంభాల మధ్య, అలాగే ఒక్క అడుగు వెనకగా డాన్సు చేస్తున్నారు. పైన రైలు వెళ్ళినప్పుడల్లా పాట వినిపించదు. అప్పుడు తాళం కోసం అందరూ పెంగ్ కాళ్ళ వైపు చూస్తారు.

ఇది చూసి సూ అక్క పొంగిపోతుంది. కొత్తగా ఎవరొచ్చినా పట్టుకుని చెబుతుంది. "వీడికి ముందు అడుగే పడేది కాదు తెలుసా. రెండేళ్ళు తిట్టి తిట్టి నేనే దారికి తెచ్చాను. అవునా కాదా పెంగ్?"

పెంగ్ కాస్త ఆలోచిస్తాడు. పైన ఇంకో రైలు వచ్చి వెళ్ళిపోతుంది.

"అవునక్కా" అంటాడు.