చోడవరం మీదుగా అక్క ఊరికి, ఆలస్యంగా

మూడున్నరేళ్ళ తర్వాత ఈమధ్య బస్సెక్కాను. గాజువాక నుంచి అనకాపల్లి, అక్కణ్ణుంచి చోడవరం, ఆపైన రావికమతం దాటి మా అక్క ఊరు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకు ముందే చేరిపోయే దారి. నాలాగే నడుం నొప్పితో ఉండి, ప్రయాణమంటేనే గుండె దడదడలాడేవాళ్ళు ఈ వైపు రావాలనుకుంటే పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ముందు ఎందుకు బయల్దేరానో చెప్పాలి.

నేను ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. ఒకరోజు తడిబట్టల బకెట్టు పట్టుకుని మేడమెట్లు ఎక్కుతుంటే నడుములో కలుక్కుమంది. మర్నాడు పొద్దున్నే మా అక్క రత్నం బస్సెక్కి వచ్చేసింది. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. పదిహేను రోజులుండి నాకు తలస్నానం చేయించింది, వంట చేసింది, మా ఆయనకు క్యారేజీ కట్టింది. అప్పుడు చూసిన డాక్టరు గారు స్కానింగ్ చూసి డిస్క్ అరిగిందన్నారు. వంగొద్దు, బరువెత్తొద్దు, ప్రయాణాలు తగ్గించుకోమన్నారు. కొన్ని నెలలకు నొప్పి చాలావరకు తగ్గింది. ఆ మాటలు మాత్రం నాలో అలాగే ఉండిపోయాయి. కత్తెర కింద పడితే మా ఆయన వచ్చేదాకా అది నేల మీదే ఉండేది. నడుం బెల్టు లేకుండా వీధి గుమ్మం దాటేదాన్ని కాదు. నడుములో ఎక్కడ చిన్నగా పట్టేసినా లోపల ఇంకేదో తెగిపోయిందనుకునేదాన్ని.

అలా ఉండగా అక్కకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం ఊరి నుంచి అనకాపల్లి ఆటోలో వచ్చేది. అనకాపల్లి మా ఇంటికి గంట దారి కూడా కాదు. ఒకరోజు ఫోన్ చేసి, "అనకాపల్లి దాకా రాలేవేటే? ఒకపాలి నిన్ను సూడాలనుంది" అంది. "నడుం నొప్పిగా ఉందక్కా, వచ్చే వారం వస్తాను" అన్నాను. ఏడు నెలల పాటు ఆ వచ్చే వారం రాలేదు. అక్క పోయిన రోజు మా ఆయన కారు మాట్లాడి తెచ్చారు. లంకెలపాలెం దగ్గర కారు ఒక గోతిలో పడి లేచింది. నడుం బిగుసుకుపోయింది. చెమటలు పట్టాయి. "వెనక్కి తిప్పెయ్యండి" అని ఏడ్చాను. తిప్పేశారు. అక్క చివరి చూపు నాకు దక్కలేదు.

ఆ తర్వాత నెలకు ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్ళాను. ఆవిడ నన్ను వంగమని, పడుకోబెట్టి కాళ్ళెత్తి, అంతా పరీక్షించి, "మీ నడుం గాజు కాదమ్మా. నొప్పి వచ్చినంత మాత్రాన ఏదో తెగిందని కాదు. మీకు నొప్పి కన్నా భయం ఎక్కువ పట్టుకుంది" అన్నారు. కొద్దికొద్దిగా వంగడం, మెట్లెక్కడం నేర్పారు. నాలుగో వారం, "మీరు మళ్ళీ చెయ్యాలని బాగా కోరుకునే పని ఏదైనా ఒకటి చెప్పండి, దానికోసం సాధన చేద్దాం" అన్నారు. మా అక్కను చూడ్డానికి వెళ్ళాలని చెప్పాను. "బావుంది, ఎప్పుడు వెళ్తారు?" అన్నారు. అక్క లేదని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

అక్క పోయిన ఆరు నెలలకు, ఏడుంపావుకి గాజువాకలో బస్సెక్కాను. ఇప్పుడు ఆడవాళ్ళకు ఈ బస్సుల్లో టికెట్టుకు డబ్బులక్కర్లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కిటికీ పక్కన సీటు ఖాళీగానే ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. "కూకోండమ్మా, సీటుంది కదా" అంది కండక్టరు. "కూర్చుంటే లేవలేనేమోనండి" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "అనకాపల్లిలో నేను లేపుతాను, కూకోండి" అంది. కూర్చున్నాను. లంకెలపాలెం వచ్చినప్పుడు కళ్ళు మూసుకున్నాను. బస్సు ఆగింది, జనం ఎక్కారు, బస్సు కదిలింది. నా నడుం ఎప్పుడూ ఉన్నట్టే సన్నగా నొప్పి పుడుతూ ఉంది. అంతకుమించి ఏమీ జరగలేదు. ఏమీ జరగనందుకే ఏడుపొచ్చింది.

అనకాపల్లిలో దిగి పది నిమిషాలు అటూ ఇటూ నడిచి, ఇడ్లీ తిని, ఎనిమిది నలభైకి చోడవరం బస్సెక్కాను. చోడవరంలో దిగేసరికి తొమ్మిదిన్నర. చెరకు కొట్టే రోజులు కావడంతో రోడ్డంతా లోడు బళ్ళే. రావికమతం వైపు షేర్ ఆటోలు నిండితేగాని కదలవు, ఒక పావుగంట ఆగాలి. డ్రైవరు నా దగ్గర నలభై రూపాయలు తీసుకున్నాడు. చెరకు ట్రాక్టరు వెనకాల మెల్లగా పోతుంటే ప్రతి గోతికీ నేను సీటు అంచు గట్టిగా పట్టుకోవడం డ్రైవరు అద్దంలో చూసినట్టున్నాడు.

"నడుం నొప్పేటమ్మా?" అన్నాడు.

"అవును బాబూ. కాస్త నెమ్మదిగా పోనియ్యి."

"ఇంతకన్నా నెమ్మదంటే దిగి నడవాలమ్మా. గొయ్యొచ్చినప్పుడల్లా మీరు ఊపిరి బిగబట్టేస్తన్నారు. ఒదిలేయండి. బిగిస్తేనే ఎక్కువ తగుల్తాది. నానూ మొదట్లో అలాగే బిగించీవోణ్ణి."

తర్వాతి గోతి దగ్గర ఊపిరి వదిలాను. ఆటో ఎగిరింది, నేనూ దానితో పాటు ఎగిరి కూర్చున్నాను. పక్కనున్న ముసలామె నా భుజం పట్టుకుని నవ్వింది.

రావికమతంలో ఇంకో ఆటో మారి, పదకొండు గంటలకు ఊరు చేరాను. బావ అప్పలనాయుడు వీధిలోనే ఉన్నాడు. నన్ను చూసి, "వచ్చేవా అమ్మా" అని మాత్రం అన్నాడు. అక్క కూతురు దేవి పుట్టింట్లోనే ఉంది. అమ్మను ఏడు నెలలు ఆటోలో తిప్పింది తనే. నాకోసం ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. వంకాయ ఎండురొయ్యల కూర, చారు వండి పెట్టింది. కావలసినవి అడిగి వడ్డించింది గాని, నా మొహం వైపు చూడలేదు. బావ భోజనం చేసి పొలానికి వెళ్ళాక నేనే అడిగాను.

"నా మీద కోపంగా ఉందా దేవీ?"

కంచాలు తీస్తూ ఆగిపోయింది. "అమ్మ నిన్ను ఒక్క మాట అన్నేదు పిన్నీ. దాని నొప్పి దానికి తెలుస్తాది, మనకేటి తెలుసు అనీసేది. నాకదే కోపం. సూదులు గుచ్చి గుచ్చి అమ్మ సెయ్యి నల్లగయిపోయింది. ఆ సేత్తోనే నీకు ఫోన్ సేసేది. నీకంత నొప్పిగా ఉండీదా?"

అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. "కొన్ని రోజులు ఉండేది. చాలా రోజులు లేదు. భయం. బస్సు కుదుపుకి కాళ్ళు పడిపోతాయేమోనని భయం."

"ఆ మాటే సెప్పొచ్చు కదా!" దేవి గొంతు పెద్దదైంది. "నొప్పంటే మేమేటి సేస్తాం? భయమంటే నాను వచ్చి తీసుకొచ్చీదాన్ని. అనకాపల్లి నుంచి గాజువాక ఎంత దూరం? అమ్మని బెడ్డు మీద పడుకోబెట్టి నాలుగ్గంటలు బయట ఊరికే కూకునీదాన్ని పిన్నీ. వచ్చి తీసుకొచ్చీదాన్ని."

ఆ నాలుగు గంటలూ దేవి ఖాళీగా ఉండేదని నాకు తెలియదు. నేను అడగలేదు.

కాసేపటికి, "పద, అమ్మని కాల్చిన కాడికి తీసుకెల్తాను" అంది. కొట్టేసిన చెరకుతోట మధ్య నుంచి దారి. దుబ్బులు పదునుగా పైకి లేచి ఉన్నాయి, సాళ్ళు దాటుతూ నడవాలి. దేవి ముందు నడిచింది, నా కోసం ఆగలేదు. నేను పడుతూ లేస్తూ వెళ్ళాను. గట్టు పక్కన కొంచెం నల్లబడిన నేల, దాని మీద అప్పుడే గడ్డి మొలుస్తోంది. బోర్డు గాని రాయి గాని లేదు. అక్కడ నిలబడి దణ్ణం పెట్టడం చాలదనిపించింది. మూడున్నరేళ్ళలో మొదటిసారి నేల మీద కూర్చున్నాను. వంగి, నుదురు మట్టికి ఆనించాను. నడుము కుడివైపు నొప్పి చురుక్కుమని పాకింది. పాకనిచ్చాను. "అక్కా, వచ్చేను" అన్నాను.

ఎంతసేపు ఉన్నానో తెలియదు. దేవి నా పక్కన కూర్చుంది. తను కూడా ఏడుస్తోంది. చెయ్యి పట్టుకోలేదు, ఓదార్చలేదు. లేచేటప్పుడు కూడా చెయ్యి ఇవ్వలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని నా అంతట నేనే లేచాను. మూడు గంటలకు తన స్కూటీ మీద రావికమతం దాకా దింపింది. ఆటో కదిలేముందు, "మళ్ళీ వస్తావా?" అంది. వస్తానన్నాను. నమ్మినట్టు లేదు. నమ్మాలని నేను అడగనూ లేదు.

ఇంటికి వచ్చాక రెండు రోజులు నొప్పి ఎక్కువగానే ఉంది, మూడో రోజుకి మామూలైంది. ఈ ప్రయాణంతో నా భయం పోయిందని చెప్పను. ఇవాళ పొద్దున కూడా బియ్యం డబ్బా జరిపే ముందు ఒక్క క్షణం ఆగాను. నన్ను బాధపెడుతున్నది నొప్పి కాదు. ఆ రోడ్డు. అది ఎప్పుడూ అలాగే ఉంది, అవే గోతులు, అవే బస్సులు. అక్క ఉన్నప్పుడు కూడా దాని మీద నేను వెళ్ళగలిగేదాన్ని. ఎదురుచూసే మనిషి ఉండగా వెళ్ళలేకపోయిన దారిలో ఎవరూ ఎదురుచూడనప్పుడు వెళ్ళి వచ్చాను. ఇది గెలుపు కాదు. అయినా వెళ్ళకుండా ఉండలేకపోయాను.

మీరు వెళ్ళాలనుకుంటే ముందు ఒకసారి సరిగ్గా పరీక్ష చేయించుకోండి. బస్సులో వెనక చక్రాల మీద సీటు వద్దు, ముందు సగంలో కూర్చోండి. అనకాపల్లిలో దిగి పది నిమిషాలు నడిచాకే చోడవరం బస్సెక్కండి. వీటన్నిటికన్నా ముందు మీరు వెళ్ళే ఇంటికి ఫోన్ చేసి, నొప్పిగా ఉందని కాదు, భయంగా ఉందని చెప్పండి. వచ్చి తీసుకెళ్ళేవాళ్ళు ఉంటారు.