చెయ్యి వేసిన మదర్‌బోర్డు

మా ముత్తాతగారు పెద్దాపురం దగ్గర నాలుగు ఊళ్ళకు మునసబు. ఆయన వీధిలోకి వస్తున్నారంటే అరుగుల మీద చుట్టలు వాటంతట అవే ఆరిపోయేవని చెబుతారు. మా తాతగారి నాటికి మునసబుగిరీ లేదు కానీ, కాలవ కింద వంద ఎకరాల మాగాణీ, గుర్రపు బండీ, ఆ బండికి దారి ఇచ్చే జనమూ ఉండేవారు. నాన్నగారి వంతు వచ్చేసరికి మర్యాద ఒక్కటే చెక్కుచెదరకుండా మిగిలింది. ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై నాలుగేళ్ళు వచ్చిన రోజుల్లో, మా ఆస్తి ఎకరన్నర కొబ్బరితోట, వానకు కారే పెంకుటిల్లు, వంగని నడుములు మూడు. (మూడోది అమ్మది. నిజానికి అది వంగేది. ఇల్లు తుడిచేటప్పుడు, తలుపులు వేసుకుని.) ఇప్పుడు తలుచుకుంటే, ఆ నడుములకు తగిన పని వెతుక్కోవడమే నా యౌవనమంతా అనిపిస్తుంది.

డిగ్రీ అయ్యాక నేను వీడియో ఎడిటింగ్ నేర్చుకున్నాను. కుర్చీలో కూర్చుని చేసే పని కనుక నాన్నగారు అభ్యంతరం చెప్పలేదు. తణుకులో ఒక స్టూడియో యజమాని ఉండేవారు. భోజనానికి కూర్చున్నా మెడలోంచి కెమెరా తీయరు కనుక ఆయన్ని మా ఇంట్లో కెమెరాగారు అనేవాళ్ళం. "బాబూ, నెలాఖరులోగా సొంత సిస్టమ్ పెట్టుకుని, నేనిచ్చే పెళ్ళి ఒకటి కట్ చేసి చూపించండి. బాగుంటే వైశాఖం పెళ్ళిళ్ళన్నీ మీకే. అంతా ఫోర్‌కే వీడియో అండి, పాత డబ్బాల మీద నడవదు" అన్నారాయన. అది జరగకపోతే నాకు మిగిలిన దారి మా మేనమామగారి సిమెంటు కొట్టు. "ఏరా అల్లుడూ, ఎప్పుడొస్తావు బస్తాలు దింపించడానికి?" అని ఆయన ప్రతి పెళ్ళిలోనూ పంక్తి మధ్యలో నిలబడి అడిగేవారు. నాలుగు ఊళ్ళ మునసబుగారి మునిమనవణ్ణి సిమెంటు దుమ్ములో ఊహించుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

అందుకని సిస్టమ్ కొనడానికి అమ్మ తన చిట్టీ పాడింది. నెల్లాళ్ళు వీడియోలు చూసి, ఏ భాగం ఎంత గట్టిదో ఒక తెల్లకాగితం మీద రాసుకున్నాను. ఎడిటింగ్ కోసమని ఇంట్లో చెప్పిన మాట నిజమే కానీ, అందులో పెద్ద పెద్ద ఆటలు కూడా నడవాలన్న కోరిక ఆ కాగితం మీద ఎక్కడా రాయలేదు. రాజమండ్రి ప్రయాణమైన రోజు నాన్నగారు పట్టు ఉత్తరీయం తీశారు. "కంప్యూటర్ సామాన్లకి పట్టు ఎందుకండీ?" అంది అమ్మ. "కొనేది సామాన్లే. కొంటున్నది మనం" అన్నారు నాన్నగారు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. తాతగారు ఎడ్ల సంతకు వెళ్తే పళ్ళు లెక్కపెట్టడం, నడిపించి చూడటం ఉండేది కాదట. నచ్చిన ఎద్దు మూపురం మీద చెయ్యి వేసేవారు. చెయ్యి పడిందంటే అది మా ఇంటిది. తర్వాత ఎవరైనా వచ్చి, "అది కుంటిదండి" అని చెవిలో చెప్పినా, "అయితే మెల్లగా నడుస్తుంది" అనేవారట. చెయ్యి వేసి వదిలిన మనిషిని మా ఇంట్లో మనిషిగా చూడరు. నేను ఈ కథలు వింటూ పెరిగాను. సంతలో ఎద్దును ఎన్నడూ కొనకపోయినా చెయ్యి మాత్రం సిద్ధంగా ఉండేది.

రాజమండ్రిలో మేము వెళ్ళిన షాపు మేడ మీద ఉండేది. యజమాని కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని దాని కోసం బల్లంతా వెతుకుతూ ఉండేవాడు. (ఇక నుంచి ఆయన కళ్ళజోడుగారు.) ముందు ప్రాసెసర్ తీశాడు. నాన్నగారు దాన్ని చూసి మండిపడ్డారు. "ఇంత డబ్బు పుచ్చుకుని అగ్గిపెట్టెంత లేని వస్తువు చేతిలో పెడతారా?" "బుర్ర అంతా అందులోనే ఉందండి" అన్నాడు కళ్ళజోడుగారు. గ్రాఫిక్స్ కార్డు వచ్చాక నాన్నగారు శాంతించారు. మూడు ఫ్యాన్లతో అది తాంబూలం పళ్ళెమంత ఉంది. "ఇదీ వస్తువంటే" అన్నారు. ప్రాసెసర్, కార్డు, ర్యామ్, పవర్ సప్లై, అద్దాల క్యాబినెట్, అన్నీ నా కాగితం ప్రకారమే జరిగాయి. మిగిలింది వాటన్నిటినీ కలిపే మదర్‌బోర్డు.

అల్మరాలో నల్లపెట్టె మీద బంగారు అక్షరాలతో ఒక బోర్డు కనిపించింది. నేను అటు చూస్తుండగా పక్కనే నిలబడ్డ టీషర్టు ఆసామి ఒకాయన (నలభై ఏళ్ళుంటాయి, అడగకుండా సలహాలిచ్చే రకం) అన్నాడు: "ఆ బోర్డు మీకెందుకండీ? అది పెద్దపెద్దోళ్ళు కొనేది. మీ పనికి ఆ కింద అరలో చిన్నది చాలండి." నన్ను ఎగాదిగా చూసి మరీ అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ వాక్యం రాస్తుంటే నా చెవులు వేడెక్కుతున్నాయి. పెద్దవాళ్ళెవరో ఈయన చెప్పాలా? కింద అర ఎవరిదో ఈయన నిర్ణయించాలా? నా కాగితం నలిగిపోయింది. చెయ్యి లేచింది. నేరుగా వెళ్ళి నల్లపెట్టె మీద పడింది. "ఇది మేము పుచ్చుకున్నాం" అన్నాను.

కళ్ళజోడుగారు కంగారు పడ్డాడు. "బాబుగారూ, అది వేరే కంపెనీ ప్రాసెసర్లకండి. మీరు తీసుకున్నది అందులో కూర్చోదు. సాకెట్టే వేరు."

"కూర్చోకపోవడం ఏంటండీ? కూర్చోబెట్టడమే కదా మీ పని" అన్నాను. నాకు తెలుసు, కూర్చోదని. నెల్లాళ్ళు చూసిన వీడియోల్లో మొదటి పాఠమే అది. కానీ చెయ్యి అప్పటికే పెట్టె మీద ఉంది.

"మావాడు చెయ్యి వేశాడు. కట్టండి" అన్నారు నాన్నగారు. ఆ గొంతులో ఉన్న గర్వం నేను డిగ్రీ పాసైనప్పుడు కూడా వినలేదు. "పోనీ ఇక్కడే బిగించి చూస్తే..." అని కళ్ళజోడుగారు ఏదో అనబోయాడు. మేము అప్పటికే మెట్లు దిగుతున్నాం.

ఇంటికి వచ్చి ఆ పెట్టెలన్నీ సావిట్లో పేర్చుకున్నాం. నల్లపెట్టె సీలు తీయడానికి నాకు ధైర్యం చాలలేదు. ప్రాసెసర్‌కీ బోర్డుకీ మధ్యలో అమర్చే సాధనం ఏదైనా దొరుకుతుందేమోనని వారం రోజులు కాకినాడ, రాజమండ్రి షాపులన్నిటికీ ఫోన్లు చేశాను. ఒకాయన నవ్వి పెట్టేశాడు. ఇంకొకాయన, "అన్నయ్యగారూ, బస్సు టైరు స్కూటర్‌కి ఎక్కిస్తారాండీ?" అన్నాడు. నెలాఖరు పన్నెండు రోజుల్లోకి వచ్చింది. పైగా మామయ్యకు ఈ సంగతి ఎలా తెలిసిందో, "ఈ రెండో తారీకు మంచిది, కొట్లో చేరడానికి" అని కబురు పంపారు.

అప్పుడు కళ్ళజోడుగారే ఫోన్ చేశాడు. "బాబుగారూ, ఆ పెట్టె సీలు తీయలేదు కదండీ? పట్టుకొచ్చేయండి. సరైన బోర్డు ఇస్తాను. పైసా ఇవ్వక్కర్లేదు." ఎంత మంచి మాట! ఇప్పుడైతే ఆ మనిషికి చేతులెత్తి దణ్ణం పెడతాను. అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండిపోయింది. మేము వస్తువు వెనక్కి మోసుకెళ్ళాలా? ఆ మెట్లెక్కి, పైన టీషర్టు ఆసామి ఉంటే, వాడి ముందు ఆ పెట్టె బల్ల మీద పెట్టాలా? "మా ఇంటికి వచ్చిన వస్తువు వెనక్కి వెళ్ళదండి" అన్నాను. అచ్చం తాతగారిలాగే అన్నానని నాన్నగారు తర్వాత మెచ్చుకున్నారు.

అమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "మరి పెళ్ళి ఎలా కట్ చేస్తావురా?" అంది. నాన్నగారు ఉత్తరీయం అంచు సర్దుకుని, "బోర్డు వదలకూడదు. బోర్డుకి తగిన ప్రాసెసర్ ఇంకోటి కొనాలి. అంతే కదా?" అన్నారు. "అంతేనండి" అన్నాను. అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "తండ్రీకొడుకులు బాగానే దొరికారు నాకు" అని లోపలికి వెళ్ళిపోయింది. రెండో ప్రాసెసర్ ఆ వారంలోనే వచ్చింది. బోర్డు మీద పెట్టగానే చప్పుడు లేకుండా కూర్చుంది.

గడువుకు ఒక రోజు ముందు పెళ్ళి వీడియో కెమెరాగారికి చూపించాను. తలంబ్రాల ఘట్టం దగ్గర ఆయన కెమెరా మెడలోంచి తీసి బల్ల మీద పెట్టారు. "వైశాఖం మీదే బాబూ" అన్నారు. ఆ పనే ఈ రోజుకీ నాకు అన్నం పెడుతోంది. ఇప్పుడు నేను ఏది కొన్నా గంటసేపు ప్రశ్నలు వేస్తాను, కింద అర కూడా వంగి చూస్తాను, తప్పు వస్తే మెట్లెక్కి మార్చుకుంటాను. ఆ ఇరవై నాలుగేళ్ళవాడు చూస్తే నన్ను మనిషిగా లెక్కపెట్టడు. వాడి మీద నాకు కోపం లేదు. టీషర్టు ఆసామి మీద మాత్రం ఇంకా ఉంది.

రెండో ప్రాసెసర్ కోసం తాతగారి పందిరి మంచం అమ్మాం. తుని నుంచి వ్యాను వచ్చి తీసుకెళ్ళింది.