బోణీ అవ్వ బేరమాడని రోజు

ఆ రోజుల్లో యుద్ధం కూడా అంగడి తలుపులు తీశాకే కనిపించేది. ఇప్పటిలా ఫోన్లో మన దుప్పట్లోకి దూరి వచ్చేది కాదు. కార్గిల్ యుద్ధం జరుగుతున్నప్పుడు నేను డిగ్రీ ముగించి, మదనపల్లెలో మా చిన్నాన్న స్టీలు సామాన్ల అంగడిలో గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాణ్ణి. గిరాకీ పెరుగుతుందని చిన్నాన్న కలర్ టీవీ పెట్టించాడు. జనం వచ్చారు గానీ గిరాకీ రాలేదు (రెండూ ఒకటి కాదని ఆయనకు అప్పుడే తెలిసింది). టీవీలో మంచుకొండ కనబడితే చాలు, గోడకు పేర్చిన పళ్లాలన్నిట్లో బుల్లి బుల్లి మంచుకొండలు మెరిసేవి. మేమంతా నోళ్లు తెరిచి చూసేవాళ్లం. టమోటా మండీ నడిపే మామ మాత్రం నిట్టూర్చేవాడు: "ఆడ ఒక గోడౌను కడితే నెలైనా సరుకు సెడదు గదప్పా!" ఎన్నికలు దగ్గర పడుతుండడంతో రెండు పార్టీల వాళ్లూ వచ్చి, ఆ శిఖరం ఎక్కింది తామే అన్నట్టు కాళ్లు బార్లా చాపి కూర్చునేవారు.

అయితే చిన్నాన్నకు ఒక నియమం ఉండేది. బోణీ కానిదే టీవీ వెయ్యకూడదు. బోణీకి వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపనూ కూడదు, పంపితే ఆ రోజంతా ఈగలు తోలుకోవలసిందే. ఈ రెండో సంగతి నిమ్మనపల్లె నుంచి ఆకుకూరల గంపతో మొదటి బస్సులో వచ్చే అవ్వకు బాగా తెలుసు. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఆ మంచుకొండల్లోనే ఎక్కడో ఉన్నాడు. ఊళ్లో టీవీ ఉన్న ఒకే ఒక ఇంట్లో వార్తలు పెట్టనివ్వరట. అందుకని పొద్దున వార్తల వేళకు మా మెట్లెక్కి, ఏదో ఒకటి బోణీ చేసి, టీవీ వేయించుకునేది. "వాని పెండ్లికి పనికొస్తాదిలే" అంటూ యుద్ధం సగానికి వచ్చేసరికి గరిటెలు, మూతలు, చెంచాలతో ఒక సంసారానికి సరిపడా కొనేసింది.

"ఈ గరిట ఏం సెప్తావప్పా?"

చెప్పేవాణ్ణి (బోణీ అవ్వ కోసమని కాస్త పెంచే చెప్పేవాణ్ణి).

"ఇది గరిటా, బంగారమా? సగానికియ్యి."

"అవ్వా, అసలు కూడా రాదు."

"రాకపోతే వద్దులే, పోతాండా."

గంప ఎత్తుకుని మెట్టు మీద కాలు పెట్టేది. నాకు బోణీ కావాలి, ఆమెకు వార్తలు కావాలి, ఇద్దరం ఆ సంగతి పైకి అనం. ప్రతిసారీ వెనక్కి పిలిచేది నేనే. బేరంలో మా వంశాన్ని మించినవాళ్లు లేరని విర్రవీగే నేను, ఆమె ముందు రోజూ ఓడి, గరిటె కాగితంలో చుట్టి ఇచ్చేవాణ్ణి.

ఒక సాయంత్రం వార్తల్లో, ఏదో కొండ మీద మన జవాన్లు కొందరు చనిపోయారని, పేర్లు ఇంకా తెలియలేదని చెప్పారు. ఆ మాట బస్సులోనే విన్నదేమో, మర్నాడు అవ్వ వచ్చింది. గంప దించలేదు.

"సెంచా ఒగటియ్యప్పా."

అలవాటు కొద్దీ పెంచి చెప్పాను. అవ్వ కొంగుముడి విప్పింది.

"నువ్వు సెప్పిందే తీసుకో. టీవీ ఎయ్యి నాయనా."

పుట్టి బుద్ధెరిగాక నేను చెప్పిన రేటుకు తలూపిన మనిషిని చూడడం అదే మొదలు. సంతోషించవలసింది పోయి, నా చేతులు చల్లబడ్డాయి. "అంత కాదవ్వా, సగమియ్యి" అన్నాను. "పోనీలే, ఎయ్యి" అంది. "ఇంకా తగ్గిస్తానవ్వా, అడుగు. ఒక్క మాట అడుగు!" దేవుడి పటం ముందు అగరొత్తులు తిప్పుతున్న చిన్నాన్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆయనే వచ్చి టీవీ వేశాడు.

పేర్లు చదివారు. ఆ తర్వాత క్రికెట్టు, వాన సంగతి, నమస్కారం.

"నా కొడుకు పేరు రాలేదు గదా?"

"రాలేదవ్వా."

"సరిగ్గా ఇన్నావా? మళ్లా సదవమను."

"టీవీని అడగలేమవ్వా."

"అంత బేరగానివి గదా, అడిగి సూడు!"

చిన్నాన్న ఛానెళ్లు మార్చుకుంటూ పోయి, ఇంకో చోట వార్తలు పట్టాడు. వాళ్లూ అవే పేర్లు చదివారు. అప్పుడు గంప దించి, నేలమీద కూలబడి, నీళ్లడిగింది.

యుద్ధం ముగిసిన కొన్ని వారాలకు, బోణీ వేళ, ఆమె వెనకాలే మంచుకు బుగ్గలు కమిలిన పొడుగాటి మనిషి మెట్లెక్కాడు. అవ్వ మా అంగట్లోకెల్లా పెద్ద నీళ్ల అండాను వేలి కణుపులతో టంగుమనిపించింది.

"ఇది అండానా, బంగారమా? సగానికియ్యి!"

నా ప్రాణం లేచొచ్చింది. గొంతెత్తి ఆడాను బేరం. వీధి వీధంతా గుమిగూడింది. ఆ జవాను సిగ్గుతో చచ్చిపోతూ, "అమ్మా, అడిగింది ఇచ్చేద్దాం పా" అన్నాడు. అవ్వ కసిరింది: "నువ్వుండు! ఆడ తుపాకీ నీది, ఈడ నోరు నాది."

(ఓడాను. వేరే చెప్పాలా?)

ఇప్పుడు పుంగనూరులో నాదే ఒక అంగడి. యుద్ధాలు జేబులోనే మోగుతున్నాయి, వాటికి బోణీతో పనిలేదు. పిల్లలు వచ్చి, సామాను మీది రేటు చూసి, మారుమాట లేకుండా ఇచ్చి పోతుంటారు. అలా ఎవరైనా బేరమాడకుండా నిలబడితే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. "ఇంట్లో అందరూ బాగుండారు గదప్పా?" అని అడిగేస్తాను. వాళ్లు ఫోన్లోంచి తలెత్తి, ముసలాయనకు ఏమైందో అన్నట్టు చూస్తారు.

(రేటు మాత్రం తగ్గించను. అడిగితే కదా తగ్గించడానికి!)